పావు తిప్పు

ఆ తొమ్మిది మిషన్లూ పనికిరావని రాసింది మీరు. కుట్టు పడదని రాశారు, దారం తెగుతుందని రాశారు, తుప్పని రాశారు. రాసిన చేతికి సూది పెట్టడం రాదన్న సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. సామాన్ల ఆఫీసులో కూర్చున్న పెద్దమనిషీ, ఆయన కాగితం కింద చదవకుండా సంతకాలు గీకిన ముగ్గురు పెద్దలూ, దాన్ని గోడకు అంటించి చేతులు దులుపుకున్న సూపర్‌వైజరూ, ఈ కథ మీ గురించే. చదివితే కోపం వస్తుంది. రానివ్వండి. పిల్లల వార్డుకు కడుపులో ఏమీ లేని బొంతలు పంపినప్పుడు రాని కోపం ఇప్పుడైనా రావడం మంచిదే.

సోమవారం పొద్దున బొంతలక్క పనికి వచ్చేసరికి కుట్టు హాలు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపలినుంచి కొత్త అట్టపెట్టెల వాసన వస్తోంది. ఆసుపత్రి వెనకవైపు, బట్టలుతికే షెడ్డుకీ సామాన్ల గోదాముకీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి హాలు అది. ఎనిమిది మంది ఆడవాళ్ళు అక్కడ కూర్చుని చిరిగిన దుప్పట్లూ, మిల్లు నుంచి వచ్చే గుడ్డముక్కలూ అతికి వార్డులకు బొంతలు కుడతారు. సగానికి పైగా పిల్లల వార్డుకే పోతాయి. బొంతలక్కకు వేరే పేరు ఉంది గానీ అది హాజరు పట్టీలో నిద్రపోతూ ఉంటుంది. హాల్లో అందరికంటే చిన్నదాని దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలావాడి దాకా ఆమె బొంతలక్కే.

పాత మిషన్లన్నీ వరండాలో గోడవారన నిలబెట్టి ఉన్నాయి. నల్లటి ఇనప మిషన్లు, కాలితో తొక్కేవి. ఒక్కోదాని మెడ మీద సుద్దతో ఇంటూ గుర్తు పెట్టారు. లోపల వాటి స్థానంలో తొమ్మిది తెల్ల మిషన్లు కూర్చున్నాయి. ఒంటిచేత్తో ఎత్తి చంకన పెట్టుకుపోవచ్చు, అంత తేలిక.

"చూశావా, కొత్త కోడళ్ళు దిగారు," అంది గుండీలమ్మ. అరవైకి దగ్గరపడిన మనిషి. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుంది. ఒకప్పుడు ఇక్కడ గుండీలు కుట్టడానికి వచ్చి చేరింది, పని మారినా పేరు మారలేదు. "తెల్లగా, నాజూగ్గా ఉన్నారు. గిన్నె కడగమంటే వేలు విరుగుతుందేమో."

"ముందు మన ముసలాళ్ళని వీధిలో ఎందుకు నిలబెట్టారో అది చూడు పెద్దమ్మా."

ఎందుకో గోడ మీద అంటించి ఉంది. పరీక్షించడమైనది. కుట్టు పడుట లేదు. దారము తెగుచున్నది. తుప్పు కలదు. వాడుకకు పనికిరావు. శుక్రవారము పాత ఇనుము కింద పంపవలెను.

బొంతలక్క కాగితాన్ని రెండుసార్లు చదివి వరండాలోకి వచ్చింది. తను రోజూ కూర్చునే మిషను మూడోది. శనివారం సాయంత్రం దాని మీద చివరి అంచు కుట్టి, గుడ్డ కప్పి వెళ్ళింది. అప్పుడు పడిన కుట్టు ఆదివారానికి పడకుండా పోయిందా. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని సూదిని చూసింది. చూసి, వేలి కొనతో సూది తల తడిమింది. తర్వాత పక్కదాన్ని తడిమింది. ఆ చివర దాకా వెళ్ళి తొమ్మిదింటినీ తడిమి వచ్చింది.

ఈ పాత రకంలో కింద షటిల్ చిన్న పడవలా ఉంటుంది, ముందుకీ వెనక్కీ ఊగుతుంది. సూది తలకి ఒకవైపు చదును ఉంటుంది. ఆ చదును కుడిపక్కకి, మిషను స్తంభం వైపు తిరిగి ఉండాలి. దారం ఎడమ నుంచి కుడికి దూర్చాలి. అలా ఉంటేనే సూది కింద వదిలిన దారం మడతలోంచి పడవ దూరిపోయి కుట్టు బిగుస్తుంది. కొత్త రకాల్లో చదును వెనక్కి తిప్పి, దారం ముందునుంచి దూరుస్తారు. తొమ్మిదింటికీ సూదులు కొత్త రకంలో పెట్టినట్టే పెట్టి ఉన్నాయి. పావు తిప్పు తేడా. ఆ తేడాతో సాయంత్రం దాకా తొక్కినా ఒక్క కుట్టు పడదు.

"మంగలికత్తి తిరగేసి గీకి గడ్డం తెగట్లేదన్నట్టుంది," అంది బొంతలక్క చీర దులుపుకుంటూ.

సూపర్‌వైజరు అప్పుడే వచ్చింది. ముప్ఫై దాటని మనిషి, మెళ్ళో కార్డు, చేతిలో ఎర్రట్ట పుస్తకం.

"మేడమ్, సూదులు తప్పు పెట్టి పరీక్ష చేశారు. తొమ్మిదింటికీ."

"పరీక్ష చేసింది సామాన్ల ఆఫీసరు గారు."

"తప్పు పెట్టిందీ ఆయనే."

"అంత పెద్దాయనకి సూది పెట్టడం తెలీదంటావా అక్కా?"

"నేననట్లేదు. సూది అంటోంది. వచ్చి చూడండి, మీకే తెలుస్తుంది."

సూపర్‌వైజరు వరండా వైపు ఓసారి తల తిప్పింది గానీ అడుగు వెయ్యలేదు. "నా పైన కూడా మనుషులున్నారు. కాగితం వచ్చింది, అంటించాను. లోపలికి రండి, పిల్లల వార్డుకి నలభై బొంతలు కావాలి."

అలా కూర్చున్నారు. బొంత అంటే మూడు పొరలు. పైన ముక్కలు అతికిన గుడ్డ, కింద అస్తరు, మధ్యలో ఉతికి మెత్తబడిన పాత దుప్పటి. మూడూ కలిపి దూరం దూరంగా టాకాలు వేసి, ఆ తర్వాత మధ్యలోంచి అంచుల వైపు వరసలుగా కుట్టుకుంటూ పోవాలి. కొత్త మిషను మొదటి జానెడు చక్కగానే కుట్టింది. అతుకుల మీద అతుకు వచ్చే చోట, గుడ్డ దళసరి ఎక్కిన చోట, మూలిగింది. గుడ్డని నొక్కి పట్టే ఇనప పాదం దాని మీదికి ఎక్కలేకపోయింది. గుడ్డని కిందనుంచి లాగే పళ్ళు ఒకేచోట గీరుతూ ఉండిపోయాయి. టప్పుమని సూది విరిగి ముక్క గుండీలమ్మ కళ్ళజోడుకు తగిలింది.

"ఈ కళ్ళజోడే లేకపోతే ఇవాళ ఒంటికన్నుతో ఇంటికెళ్ళేదాన్ని," అంది గుండీలమ్మ.

పైగా మిషను చంక ఇరుకు. సూదికీ స్తంభానికీ మధ్య ఉండే ఆ ఖాళీలోంచే బొంత చుట్ట చుట్టి తోయాలి. కొత్తదాని చంకలో తువ్వాలు పడుతుందేమో గానీ బొంత పట్టదు. మధ్యాహ్నానికి హాల్లో పద్నాలుగు సూదులు విరిగాయి. సూపర్‌వైజరు ఎర్రట్ట పుస్తకం తెరిచి, ఎవరి దగ్గర ఎక్కువ విరిగాయో వాళ్ళ పేరుకు ఎదురుగా నైపుణ్యం లేదు అని రాసింది. వారంలో మూడుసార్లు అలా పడితే శనివారం నుంచి రానక్కర్లేదని పైనుంచి వచ్చిన మాట. గుండీలమ్మ పేరుకు ఎదురుగా ఆ సాయంత్రానికే ఒకటి పడింది, మంగళవారం పొద్దున రెండోది.

"నైపుణ్యం అంటే ఏమిటే?" అని అడిగింది గుండీలమ్మ, బొంతలక్క చెవిలో.

"నీ దగ్గర ఉండి వాళ్ళ దగ్గర లేనిది."

ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి తెలివి లేదని ఎవరన్నారు. మంగళవారం మధ్యాహ్నం ఓ తెలివి దిగింది. మూడు పొరల మీద మిషను నడవడం లేదు కాబట్టి ఒక పొర తీసెయ్యమన్నారు. పైగుడ్డా అస్తరూ కలిపి కుట్టేస్తే మిషను నడుస్తుంది, లెక్కా తేలుతుంది. సూపర్‌వైజరు ఆ మాట కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"మధ్యలో దుప్పటి లేకపోతే చలి ఆగదు మేడమ్," అంది బొంతలక్క.

"చూడ్డానికి తేడా తెలీదు కదా అక్కా."

"కప్పుకున్న పిల్లకి తెలుస్తుంది."

సాయంత్రానికి పదకొండు బొంతలు మడతపెట్టి తోపుడు బండి మీద వార్డుకు పంపారు. వాటిలో రెండు బొంతలక్క కుట్టినవే. చేతిలో పట్టుకుంటే దిండు గలీబులా ఉన్నాయి. ఆమె వాటిని మడతపెడుతూ పైవాటి కిందికి తోసింది.

ఇంట్లో ఆడపడుచు దండెం మీద బట్టలు తీస్తూ ఉంది. బస్సుల డిపోలో పాసులిచ్చే ఉద్యోగం ఆమెది. అన్నావదినలతోనే ఉంటుంది, అన్న కంటే వదినతోనే ఎక్కువ మాట్లాడుతుంది, పోట్లాటా వదినతోనే.

"వదినా, మొహం ఉప్పులో వేసినట్టుందేం?"

బొంతలక్క చెప్పింది. ఆడపడుచు వింటూ లంగా నాలుగు మడతలు పెట్టింది, విప్పి మళ్ళీ పెట్టింది.

"నీ మిషను ఒక్కటి అడిగి తెచ్చుకో. ఇంట్లో పెట్టుకుని నాలుగు బొంతలు కుట్టుకుంటావు. తొమ్మిదింటి బరువూ నీ నెత్తినెందుకు? ఊళ్ళో పెళ్ళికి నువ్వెందుకు హడావుడి పడాలి?"

"అడిగితే ఇవ్వరు."

"నువ్వడిగే తీరు అలా ఉంటుంది మరి. నువ్వు ఉప్పు బదులడిగినా పోట్లాటకి వచ్చావనుకుంటారు."

బొంతలక్క నవ్వేసింది. కానీ ఆడపడుచు మాట లోపల ఎక్కడో కూర్చుంది. ఒక్కటి. తనది. మిగతావాటి సంగతి వాటి రాత.

బుధవారం పొద్దున సూపర్‌వైజరు తనే వరండాలోకి వచ్చి పిలిచింది. ముందు హాల్లో, రోగులు చీటీలు రాయించుకునే చోట, ఒక పాత మిషనుని ప్రదర్శనకు పెడతారట. చుట్టూ తాడు కట్టి, పక్కన బోర్డు పెట్టి. శుక్రవారం పదింటికి ఆఫీసరు వస్తారు, ఫోటో తీస్తారు. మిషను దగ్గర ఒక మనిషి కుడుతున్నట్టు కూర్చోవాలి.

"కుడుతున్నట్టా?" అంది బొంతలక్క.

"అంతే. ఒళ్ళో గుడ్డ పెట్టుకుని కూర్చుంటే చాలు. ఒకటి నువ్వే ఎంచి తుడిచిపెట్టు. అదిగో, ఆ చివరిది బాగుంది చూడు."

చివరిది తొమ్మిదోది. దాని మీద ఎవరూ కూర్చోరు. ఒంటి నిండా బంగారు రంగు పూలతీగలు, ఒక్క రేకు చెరగలేదు. బొంతలక్క దాని ముందు పలక పక్కకి జరిపి, లోపలి పడవ తీసి అరచేతిలో పెట్టి చూపించింది. ముక్కు దగ్గర తుప్పు తిని గుంటలు పడి ఉంది.

"దీని మీద గోరు నడపండి మేడమ్. గరుగ్గా లేదూ? ఇక్కడ దారం పీచు లేస్తుంది, తర్వాత తెగుతుంది. వేరేది వేద్దామంటే ఈ పడవ దొరకదు. పూలు చెరగలేదంటే పని చెయ్యలేదని. పని చేసినదానికి చెయ్యి పడే చోట నలుపు పోయి తెల్ల ఇనుము తేలుతుంది. అలాంటిదాన్ని ఎంచుకోవాలి."

"ఫోటోకి పూలుంటే బాగుంటుంది."

"నన్నెంచమన్నారా, మిమ్మల్నా?"

సూపర్‌వైజరు మెట్టు మీద కూర్చుంది. బొంతలక్క తన మిషను దగ్గరికి వచ్చింది. ఎంచడం అయిపోయినట్టే ఆమె లెక్క. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ తన పని తను చేసింది. సూది పట్టుకునే కడ్డీని రెండు వేళ్ళతో పట్టి పక్కకి ఊపింది. ఊగింది. కాస్తే, కానీ ఊగింది. చక్రం తిప్పి, చెవి దగ్గరగా ఆనించి వింది. పైకి లేచే చోట టిక్కుమంటోంది. ఇది ఆమెకు తెలియంది కాదు. ఇన్నాళ్ళూ ఆ ఊపుని తన చేత్తో సర్దుకుంటూ వచ్చింది, గుడ్డ దళసరి చోట చక్రం మీద చెయ్యి వేసి నడిపింది. తన చేతిలో అది కుడుతుంది. కానీ పది మంది ముందు, అది కుట్టదని రాసిన మనిషి ముందు, అతుకు మీద అతుకు వచ్చే చోట ఒక్కసారి సూది పళ్ళెం మీద పడి విరిగిందంటే ఆ కాగితం నిజమైపోతుంది.

ఆమె కాసేపు ఆ చక్రం మీదే చెయ్యి వేసి నిలబడింది. తర్వాత తక్కినవాటి దగ్గరికి నడిచింది. ఒకటి తొక్కితే బల్లంతా ఊగుతోంది. ఒకదాని పళ్ళెంలో సూది దిగే కన్నం అంచు పగిలి ఉంది, దారం పట్టేస్తుంది. ఇంకోదాని పళ్ళు అరిగి నున్నగా అయ్యాయి. అరిగిన పళ్ళు ఒక పొరని నడుపుతాయి, మూడింటిని నడపలేవు. ఇవన్నీ బాగయ్యేవే, ఒక్కోటి ఒక్కో పూట పని. రెండ్రోజుల్లో బాగయ్యేది కావాలి.

ఆరోది గుండీలమ్మది. కడ్డీ పట్టి ఊపితే బండలా కదల్లేదు. పళ్ళెం కన్నం సరిగ్గా ఉంది, పడవ ముక్కు నున్నగా ఉంది, చంక వెడల్పు జానెడు మీద నాలుగు వేళ్ళు. తొక్కితే మాత్రం బురదలో సైకిలు తొక్కినట్టుంది. బొంతలక్క పైన నూనె కన్నం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

"పెద్దమ్మా, ఇలా రా. దీనికి ఏం నూనె పోస్తున్నావు?"

గుండీలమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఉన్నదే పోస్తాను."

"తలకి రాసుకునేదా?"

"మంచి నూనేనే. నా జుట్టు చూడు ఎలా ఉందో."

"జుట్టుకి మంచిదే. దీని కీళ్ళన్నీ బంకపట్టి కూర్చున్నాయి. మోకాళ్ళ నొప్పులు మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా ఏడుస్తున్నావు, నొప్పి నీ మోకాల్లో లేదు, ఇందులో ఉంది."

"అయితే దాన్ని ఇనుములో పడేసే కాగితానికి ఒక సంతకం నేనూ పెట్టానన్నమాట," అంది గుండీలమ్మ. "ఇంతకీ నా మిషను మీద నీ కన్నేంటి? నీది తీసుకోవచ్చుగా."

"నాది ఊగుతోంది."

గుండీలమ్మ గుమ్మం దాటి దగ్గరికి వచ్చింది. బొంతలక్క ఆ మాట బయటికి అనడం ఆమె ఇన్నేళ్ళలో వినలేదు.

గురువారమంతా బొంతలక్క వరండాలోనే. మిషను తల వెనక్కి వాల్చి, కోడి ఈకతో ప్రతి కీలుకీ కిరసనాయిలు చుక్క వేసి, చక్రాన్ని తన వైపు మెల్లగా తిప్పుతూ కూర్చుంది. మొదట అరచెయ్యి నొప్పి పుట్టేలా తిరిగింది. గంటకి గోధుమరంగు బంక కారడం మొదలైంది. పీలికతో తుడిచింది, మళ్ళీ చుక్క వేసింది. మధ్యాహ్నానికి వేలితో తోస్తే చక్రం రెండు చుట్లు దానంతటదే తిరిగి ఆగింది. అప్పుడు మిషను నూనె, కన్నానికి ఒక్క చుక్క. వదులైన తోలు బెల్టుని వేలెడు కోసి కొత్త కొక్కెం తగిలించింది. దళసరి గుడ్డకని పైన పాదాన్ని నొక్కే మరని రెండు తిప్పులు వదులు చేసింది, కుట్టు పొడవు కాస్త పెంచింది. లావు సూది తీసి చదును కుడికి తిప్పి బిగించింది. ముక్క మీద ముక్క వేసి ఆరు మడతల మీద నడిపి చూసింది. కిందా పైనా కుట్టు ఒకేలా, గింజలు పేర్చినట్టు పడింది.

లోపల అదే సమయానికి గుండీలమ్మ తెల్ల మిషను సూది ఇంకోటి విరిచింది. సూపర్‌వైజరు ఎర్రట్ట పుస్తకం తెరిచింది గానీ ఏమీ రాయకుండా మూసి, "రేపు సాయంత్రం రాస్తాను," అంది. దయో, భయమో ఆమెకే తెలియాలి.

శుక్రవారం పదింటికి ముందు హాలు కిక్కిరిసి ఉంది. చీటీల వరస గుమ్మం దాటి మెట్ల దాకా పోయింది. ఆరో మిషనుని చెక్క దిమ్మ మీద పెట్టి చుట్టూ తాడు కట్టారు. కిటికీలోంచి వెనక ఆవరణ కనిపిస్తోంది. అక్కడ లారీ ఆగి ఉంది. ఇద్దరు మనుషులు మిగతా మిషన్లను ఒక్కోటీ ఎత్తి లోపలికి తోస్తున్నారు. ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు వచ్చినప్పుడల్లా బొంతలక్క అటు తిరిగి చూసింది.

ఆఫీసరు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. చెడ్డవాడేం కాదు, మర్యాదగా నమస్కారం పెట్టాడు. చెడ్డవాళ్ళు చేసిన పాడు కంటే తెలుసనుకునేవాళ్ళు చేసిన పాడే ఈ లోకంలో ఎక్కువ. "ఊరికే చెయ్యి వేసి కూర్చోండమ్మా, చాలు," అన్నాడు.

బొంతలక్క కూర్చుంది. ఆమె ఒళ్ళో ఉన్నది గుడ్డ కాదు, మూడు పొరల పిల్లల బొంత. టాకాలు వేసి, రెండు వైపులా చుట్ట చుట్టి ఉంది. బరువు సూదిని లాగకుండా ఎడమ పక్కన కుర్చీ వేయించుకుని వేలాడే భాగాన్ని దాని మీద పెట్టింది. కుడి చుట్టని మిషను చంకలోకి తోసింది. ఫోటో తీసే మనిషి తలెత్తమన్నాడు. ఎత్తింది. మెరుపు మెరిసింది. అయిపోయిందన్నారు.

ఆమె మిషను పాదాన్ని గుడ్డ మీదికి దించి, చక్రాన్ని తన వైపు ఒక్క తిప్పు తిప్పి తొక్కడం మొదలుపెట్టింది.

ఆ చప్పుడు వరసలో వాళ్ళకి తెలియంది కాదు. తలలు తిరిగాయి. బొంతని ఆమె లాగలేదు, తొయ్యలేదు. రెండు అరచేతులూ చెరో పక్క ఆనించి దారి చూపించింది, అంతే. మధ్య వరస పూర్తయింది. అతుకు మీద అతుకు వచ్చింది. మిషను గొంతు కాస్త బరువెక్కింది, సూది దిగింది, దాటేసింది.

"ఫోటో అయిపోయిందమ్మా, లేవచ్చు," అన్నాడు ఆఫీసరు.

"వరస మధ్యలో లేవకూడదు సార్."

ఆయన తాడు దాటి వచ్చి వంగి చూశాడు. కుట్టు మీద వేలు పెట్టి నిమిరాడు. "ఇది ఎలా కుడుతోంది? ఏం మార్చారు దీంట్లో?"

"నూనె మార్చాను. మిగతాదంతా పాతదే." ఆమె మర వదులు చేసి సూది తీసి ఆయన చేతికిచ్చింది. "మీరు పెట్టండి సార్. ఆ రోజు పరీక్షకి ఎలా పెట్టారో అలాగే. నేను తొక్కుతాను."

ఆయన వెనకాడలేదు. ఎందుకు వెనకాడతాడు. తను సరిగ్గానే పెట్టానని ఆయన నమ్మకం. చదును వెనక్కి తిప్పి బిగించి, దారం ముందునుంచి వెనక్కి దూర్చి, చేతులు తుడుచుకున్నాడు. ఆమె తొక్కింది. సూది లేచింది, దిగింది, జానెడు దూరం నడిచింది. బొంత మీద కన్నాల వరస పడింది, కుట్టు పడలేదు. పైదారం ఊరికే పడుకుని ఉంది. ఆమె చిటికెన వేలితో ఎత్తితే మొత్తం లేచి వచ్చింది.

"చూశారా," అన్నాడు ఆఫీసరు, వరస వైపు తిరిగి. "రిపోర్టులో ఇదే రాశాం."

బొంతలక్క మర వదులు చేసి, సూదిని ఆయన కళ్ళ ముందే పావు తిప్పు తిప్పింది. చదును కుడికి. బిగించింది. దారం ఎడమ నుంచి కుడికి దూర్చింది. మళ్ళీ అదే చోట మొదలుపెట్టి, ఆ ఖాళీ కన్నాల మీదుగానే కుట్టుకుంటూ పోయి అంచు దగ్గర ఆపింది. దారం తెంచి, బొంత తీసి, తాడు అవతల పసిపిల్లని ఎత్తుకుని నిలబడిన ఒక తల్లి చేతిలో పెట్టింది. ఆ తల్లి రెండు చేతులతో బొంతని అటూ ఇటూ గుంజి చూసింది.

"గట్టిగానే ఉంది," అంది.

వరసలో ఒక ముసలాయన మెడ సాచి, "అంతేనా బాబూ? అది తిప్పితే అయిపోయేదానికి లారీ పిలిచారా?" అన్నాడు. ఎవరో నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. ఆయన సూది వైపే చూస్తున్నాడు. మెడ వెనక ఎర్రబడింది. సూపర్‌వైజరు వైపు తిరిగి, "మీరు చూసుకోలేదా?" అన్నాడు.

"ఈ అక్క సోమవారమే చెప్పింది సార్," అందామె. గొంతు సన్నగా వచ్చింది గానీ వచ్చింది. "నేను వెళ్ళి చూడలేదు. మీరు రాశారని అంటించాను."

ఆఫీసరు బొంతలక్క దగ్గరికి వంగాడు. గొంతు తగ్గించాడు. "చూడమ్మా, మీ పనితనం నాకర్థమైంది. ఈ మిషను మీరే తీసుకెళ్ళండి, ఇంటికి. బహుమతిగా. నేను రాసిస్తాను. ఇంతటితో అయిపోతుంది."

మంగళవారం ఈ మాట ఎవరైనా అనుంటే ఆమె ఎగిరి గంతేసేది. ఇప్పుడు కిటికీలోంచి చూసింది. లారీ మనుషులు మూడో మిషనుని ఎత్తుతున్నారు, తనదాన్ని. వాళ్ళ పక్కనే గుండీలమ్మ, హాల్లో మిగిలిన ఆరుగురు ఆడవాళ్ళూ వచ్చి నిలబడ్డారు. లారీ వెనక నిలబడ్డారు, అంతే.

బొంతలక్క లేచింది. గొంతు తగ్గించలేదు.

"ఇది నాది కాదు సార్, గుండీలమ్మది. నాకిచ్చెయ్యడానికి మీదీ కాదు. నాకు బహుమతి వద్దు. పని చెప్తాను, చెయ్యండి. ఎక్కించిన ఎనిమిదీ దింపించండి. పూలది కూడా, దాని పడవ సంగతి మేం చూసుకుంటాం. ఎర్రట్ట పుస్తకంలో మా పేర్ల పక్కన రాసింది కొట్టేసి, సూది ఎవరు తప్పు పెట్టారో వాళ్ళ పేరు రాయండి. మంగళవారం పదకొండు బొంతలు వార్డుకి పోయాయి. వాటి మధ్య ఏమీ లేదు, వాటి మీద చెయ్యి వెయ్యడానికే సిగ్గేసింది నాకు, రెండు నేనే కుట్టాను. ఇప్పుడే మనిషిని పంపి వెనక్కి తెప్పించండి. విప్పి దుప్పటి పెట్టి సాయంత్రానికి ఇస్తాం. ఇకమీదట ఏ మిషను పనికొస్తుందో ఏది రాదో రాసే కాగితం మీద మొదటి సంతకం దాని మీద కూర్చునేవాళ్ళది. ఇవన్నీ రాసుకుంటారో, గుర్తుపెట్టుకుంటారో మీ ఇష్టం. ముందు ఆ లారీ దింపమని చెప్పండి. ఇక్కణ్ణుంచే చెప్పండి, కిటికీ తెరిచే ఉంది."